ఇరవై నాలుగో వస్తువు

"మీ మేనత్త మూడు గుడ్లు చేతబట్టుకుని ఏటికి పోతోందే! నువ్వింకా ఇక్కడే ఉన్నావా?"

పక్కింటి అసాబియా పిన్ని వాకిట్లోంచే కేకేసింది. దూఫీ చేతిలోంచి చీపురు జారి కింద పడింది.

వాళ్ళ ఊరు అక్వాన్సొలో గుడ్లు పట్టుకుని బిరిన్సు ఏటికి వెళ్ళేవాళ్ళు వంటకోసం వెళ్ళరు. ఒడ్డున నల్లరాయి ఒకటి ఉంది. దాని ముందు నిలబడి, తప్పు చేసిన మనిషి పేరు పైకి చెప్పి గుడ్డు పగలగొడితే మిగతాది ఏరు చూసుకుంటుంది. పేరు పడినవాళ్ళు మళ్ళీ అమావాస్య చూడరంటారు. నిజంగా చూడలేదో, చూశారో ఎవరూ ఆరా తీసింది లేదు. కానీ ఆ ఊళ్ళో మేక పోతే "గుడ్డు తెస్తానుండు" అని ఒక్క కేక వేస్తే చాలు, సాయంత్రానికి మేక తనంతట తనే దొడ్లో ఉండేది.

"ఎవరి పేరు చెబుతుందట?" దూఫీ అడిగింది.

"టౌనులో ప్రింటింగు షాపు మనిషి పేరు. మీ నాన్న జేబులో దొరికిన కాగితం టైపు చేసింది ఆవిడేగా. చర్చి మాస్టారు పొద్దున్నే నువ్వు చేరబోయే బడికి ఫోను చేశాడు. వాళ్ళ లిస్టులో ఉన్నవి ఇరవై మూడేనట. ఇరవై నాలుగోది వాళ్ళు రాయలేదట! ఆ మహాతల్లి ఎందుకు కలిపిందో ఏమో... నిలువునా ఒక మనిషిని మింగేసింది."

దూఫీకి ప్రింటింగు షాపు మనిషి మొహం గుర్తురాలేదు. ఆవిడ వీపున గుడ్డలో కట్టుకున్న పాప గుర్తొచ్చింది. తల్లి టైపు చేస్తున్నంతసేపూ ఆ పాప దూఫీ వేలు పట్టుకుని వదల్లేదు.

ఆరిపోయిన పొయ్యి దగ్గర కూర్చున్న బిరాగో, దూఫీ వాళ్ళమ్మ, మెల్లగా లేచింది. మొగుడి శవం తెల్లవారుజామున బయటపడింది. అప్పటినుంచీ ఆవిడ కన్నీరు పెట్టలేదు. గోడ గూట్లోంచి ఖాళీ సొరబుర్ర తీసి, లోపలికి ఒకసారి చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది. నల్లబట్ట భుజం మీదికి లాక్కుంది. చెప్పులు కూడా వేసుకోకుండా నడక మొదలుపెట్టింది.

"అమ్మా, ఎక్కడికి?"

"మీ అత్త దగ్గరికి."

"నువ్వెందుకమ్మా?"

బిరాగో అప్పటికే వాకిలి దాటేసింది.

దూఫీ తల్లి వెనకాల పరుగెత్తింది. ఏటికి దారి అరగంట. సర్దిపెట్టిన ట్రంకుపెట్టె, తిండిపెట్టె వాకిలి పక్కనే ఉన్నాయి. సోమవారం బడికి బస్సు. ఇవాళ శనివారం.

ఇదంతా ఒక వెలుగు చుక్కతో మొదలైంది.

రెండు నెలల కిందట దూఫీకి సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద ఆడపిల్లల హాస్టలు బడిలో సీటొచ్చింది. ఆ ఊరినుంచి అంతదూరం చదువుకి వెళ్ళబోతున్న మొదటి పిల్ల. అదే వారం, ఆ బడిలోనే ఒక ఏడు ముందు చేరిన టౌను పిల్ల పోకువా సెలవులకి ఊళ్ళో అమ్మమ్మ ఇంటికొచ్చింది. పోకువా తండ్రికి టౌనులో సిమెంటు కొట్టు ఉంది. దూఫీని చూసి ఆ పిల్ల చెయ్యెత్తి జడలు సర్దుకుంది. మణికట్టున స్టీలు గడియారం. ఎండ దాని మీద పడి, ఒక వెలుగు చుక్క గోడమీదికి ఎగిరి, అక్కడినుంచి దూఫీ కంట్లో పడింది. ఇక అక్కడినుంచి కదల్లేదు.

ఆ సాయంత్రమే తల్లి దగ్గర కదిపింది.

"అమ్మా, హాస్టల్లో అందరికీ గడియారం ఉంటుందట."

"అందరికీ తోకలుంటే నీకూ కావాలా?" బిరాగో రోకలి ఆపకుండా అంది. "గంట కొడతారటగా బళ్ళో. గంట వినపడని చెవికి గడియారం వచ్చి ఏం చెబుతుందే?"

"గంటకి ముందే లేవాలి."

"నేను పదమూడేళ్ళుగా లేపుతున్నాను నిన్ను. ఒక్కరోజైనా ముందు లేచావా? నీ గడియారాన్ని లేపడానికి ఇంకో గడియారం కావాలి."

తండ్రి క్వాబెనా అదూసె పక్కనే కూర్చుని కొడవలి నూరుకుంటున్నాడు. నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "నాకు కోడిపుంజుంది తల్లీ. దాన్ని కావాలంటే పట్టుకుపో. కీ తిప్పక్కర్లేదు, పైగా గుడ్డు... కాదులే, పుంజుకదా, గుడ్డు పెట్టదు."

దూఫీ వదల్లేదు. వారం రోజులు ఎవరూ చెప్పకుండానే వాకిలి ఊడ్చింది. తండ్రి కాళ్ళు పిసికింది. రెండు పూటలు అన్నం మానేసింది. రెండో పూట తల్లి ఆ గిన్నె కుక్కకి పెట్టేసరికి మూడో పూటకి బుద్ధిగా తినేసింది. ఏడిచింది కూడా. ఏడుపుకి తండ్రి కరిగాడు కానీ తల్లి కరగలేదు. "లిస్టులో లేని వస్తువు ఒక్కటీ కొనం. లిస్టులో ఉన్నవి కొనేసరికే మనం మిగులుతామో లేదో" అని తేల్చేసింది.

లిస్టు. ఆ ఇంట్లో ఆ రోజుల్లో దానికి ఉన్న గౌరవం బైబిలుకి కూడా లేదు.

అది చర్చి మాస్టారి ఫోనులోకి ఫోటోగా వచ్చింది. మాస్టారు వాకిట్లో బల్ల మీద కూర్చుని పైకి చదివాడు. ఇనప ట్రంకు ఒకటి. చెక్క తిండిపెట్టె ఒకటి. పరుపు ఒకటి. దోమతెర ఒకటి. కలుపు కత్తి ఒకటి. బకెట్టు, చీపురు, దుప్పట్లు... ఒక్కొక్కటి చదివినప్పుడల్లా బిరాగో సొరబుర్రలో ఒక తాటిగింజ వేసింది. ఆవిడకి చదువు రాదు, గింజలు వచ్చు. ఏ వస్తువు కొన్నా బుర్రలోంచి ఒక గింజ తీసి వాకిట్లోకి విసిరేది. బుర్ర ఖాళీ అయితే పిల్ల బయల్దేరినట్టే.

క్వాబెనాకి గింజలు చాలలేదు. "కాగితం కావాలి మాస్టారూ" అన్నాడు. అతని తండ్రి కోకో తోట కాగితం లేకే పరాయివాళ్ళ పాలైంది. అప్పటినుంచీ అతనికి ఒక నమ్మకం. నోటి మాట గాలి, రాసిన మాట రాయి. కాగితం మీద ఉన్నదానికి ఎదురు చెప్పకూడదు, కాగితం లేనిదానికి ఆశపడకూడదు.

ఆ నమ్మకమే ఆ ఇంటికున్న ఒకే ఒక్క తాళం. దాని తాళంచెవి ఎక్కడుందో దూఫీకి తెలుసు.

మాస్టారు ఫోటోని టౌనులో ప్రింటింగు షాపుకి పంపి, దూఫీని వెళ్ళి అచ్చు తెచ్చుకోమన్నాడు. షాపు మనిషి టక టకా కొడుతూ ఇరవై మూడు దగ్గర ఆగింది. వీపున పాప దూఫీ వేలు పట్టుకుని ఉంది.

"అంతేనా చెల్లీ?"

"ఇంకోటి ఉందక్కా. ఫోటోలో కింద తెగిపోయింది. మాస్టారు చెప్పమన్నాడు."

"చెప్పు."

దూఫీ దారి పొడుగునా తయారుచేసుకున్న వాక్యం అప్పజెప్పింది. చవక గడియారం తెచ్చి ఇదే అది అంటారేమోనని దానికీ గడియ వేసింది. "చేతి గడియారం ఒకటి. స్టీలు పట్టీ. నీళ్ళు తగిలినా ఆగనిది."

షాపు మనిషి కొట్టేసింది. పేజీ బయటికొచ్చింది, ఇంకా వెచ్చగా ఉంది.

క్వాబెనా ఆ పేజీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. చర్చిలో ఎర్ర పెన్ను ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. అక్షరం రాని మనిషి, అంకెలు మాత్రం గుర్తుపట్టేవాడు. ఏదైనా కొన్న రోజు సాయంత్రం చాప పరుచుకుని, చేతులు కడుక్కుని, దూఫీని పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

"ఏడోది చదువు."

"బకెట్టు ఒకటి, నాన్నా."

"బకెట్టు వచ్చిందా?"

"వచ్చింది."

"అయితే బకెట్టు గారూ, సెలవు తీసుకోండి." టిక్కు పెట్టేవాడు. పెట్టి, తల వెనక్కి వంచి, గోడకి కొత్త సున్నం వేసినవాడిలా చూసుకునేవాడు.

రెండు మేకలు పోయాయి. తల్లి పెళ్ళినాటి పూసలు పోయాయి. దూఫీ తిండిపెట్టెలోకి షితో అనే ఎండు రొయ్యల కారం రెండు సీసాలు తయారైంది. పోయిన శనివారం నాటికి ఎర్ర టిక్కులు ఇరవై మూడయ్యాయి. ఆ సాయంత్రం బిరాగో బుర్ర తిరగేసి విదిలించింది. చివరి గింజ వాకిట్లో పడింది.

"అయిపోయాయి" అంది.

"ఇంకోటుంది" అన్నాడు క్వాబెనా, కాగితం చూపిస్తూ.

బిరాగో కాగితం వంక చూసింది, బుర్ర వంక చూసింది, కూతురి వంక చూసింది. దూఫీ తల వంచుకుని కాలిగోరు గిల్లుకుంటోంది. బిరాగో బుర్ర తీసుకెళ్ళి గూట్లో పెట్టింది.

ఆదివారం చర్చి అయ్యాక క్వాబెనా సంతకి వెళ్ళి, ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు. అరచేతిలో నల్ల ప్లాస్టిక్ గడియారం.

"ఇదిగో ఇరవై నాలుగు! పెన్ను తే."

దూఫీ దాన్ని చూసింది. గోడమీద వెలుగు చుక్క కనబడలేదు.

"టిక్కు పెట్టకు నాన్నా. స్టీలు పట్టీ అని ఉంది. నీళ్ళు తగిలినా ఆగకూడదని ఉంది."

"ఆగలేదే! కొట్టువాడి కుండలో ముంచి చూశాను. వాడు నన్ను తిట్టాడు కూడా."

"స్టీలు కాదుగా."

"ప్లాస్టిక్ తేలిగ్గా ఉంటుందమ్మా. చెయ్యి నొప్పెట్టదు."

అప్పుడైనా ఆగిపోయి ఉండొచ్చు. ఏటి దారిలో తల్లి వెనక పరుగెడుతూ దూఫీ అదే అనుకుంది. అప్పుడు చెయ్యి చాపి ఆ నల్లదాన్ని పెట్టుకుని ఉంటే చాలు. కానీ ఆ రోజు నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"రాసినట్టు లేకపోతే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారట."

క్వాబెనా మొహంలో నవ్వు ఆగిపోయింది. జేబులోంచి కాగితం తీసి, తనకి చదవరాని ఆ ఆఖరి వరస మీద వేలు పెట్టి, ఈ చివరినుంచి ఆ చివరికి మెల్లగా జరిపాడు.

"నా కూతుర్ని గేటు దగ్గర ఎవడు ఆపుతాడు?" అన్నాడు చివరికి. గట్టిగా కూడా అనలేదు.

కొట్టువాడు గడియారం వెనక్కి తీసుకోలేదు. ఒకసారి నీళ్ళలో ముంచినదాన్ని ఎవడు తీసుకుంటాడు? క్వాబెనా దాన్ని తన చేతికే పెట్టుకున్నాడు. మంగళవారం తెల్లారేసరికి భుజాన పారతో సిద్ధమయ్యాడు.

"ఏటవతల కోకో తోటలో కలుపు పనుంది. నాలుగు రోజులు."

"కలుపుకి పారెందుకయ్యా? కత్తి చాలుగా?" అంది బిరాగో.

"అక్కడి కలుపుకి వేళ్ళు లోతట." నవ్వాడు. దూఫీ నెత్తిమీద ఒక మొట్టికాయ వేశాడు. "అఫియా, శుక్రవారం పుట్టినదానా, శుక్రవారానికి వచ్చేస్తా. స్టీలుది తెస్తా."

ఏటవతల కోకో తోట ఉంది. దాని వెనకాల బంగారం కోసం తవ్వే గొయ్యి ఉంది.

ఏడేళ్ళ కిందట ఆ గొయ్యి క్వాబెనా అన్నని మింగింది. అప్పుడు అతని అక్క, దూఫీ మేనత్త చెరేవా, తమ్ముణ్ణి చెయ్యి పట్టి ఏటికి లాక్కెళ్ళి, నీళ్ళలో నిలబెట్టి, ఇక జన్మలో గోతిలోకి దిగనని ఒట్టు వేయించుకుంది. ఏడేళ్ళు ఆ ఒట్టు తప్పలేదు. మేకలు అమ్మాడు, కూలికి వెళ్ళాడు, పస్తున్నాడు, గోతివైపు చూడలేదు.

గురువారం మధ్యాహ్నం వాన కుంభవృష్టిగా పడింది. గట్టు జారింది. తవ్వి తవ్వి శనివారం తెల్లవారుజామున అతన్ని బయటికి తీశారు. ప్రమాదంలో పోయినవాణ్ణి ఊళ్ళోకి తేకూడదు కాబట్టి ఊరిబయట కోకో ఎండబెట్టే పాక కింద చాప మీద పడుకోబెట్టారు.

అక్క చెరేవా వచ్చి తమ్ముడి మొహం మీద బురద తన కొంగుతో తుడిచింది. చెయ్యి తుడుస్తుంటే గడియారం బయటపడింది.

నల్ల ప్లాస్టిక్ గడియారం. రెండురోజులు నీళ్ళలో, బురదలో, మట్టి కింద ఉంది. అది నడుస్తోంది.

దూఫీ అప్పుడు అరిచిన అరుపుకి జనం ఆ పిల్లని పట్టుకుని దూరంగా తీసుకెళ్ళారు. తండ్రి మీద ప్రేమ అనుకున్నారు.

జేబులో ప్లాస్టిక్ కవరు ఉంది. లోపల కాగితం తడవలేదు. మాస్టారు చదివాడు. ఇరవై మూడు ఎర్ర టిక్కులు. ఇరవై నాలుగో వరస పక్కన ఖాళీ.

"దీనికోసమా?" అంది చెరేవా. ఏడుపు లేదు, గొంతు రాయిలా ఉంది. "నా ఒట్టు తీసి గట్టున పెట్టింది దీనికోసమా? ఈ వరస రాసిందెవరు? నాకా పేరు కావాలి. పేరు తెలిసేదాకా నా తమ్ముణ్ణి మట్టిలో పెట్టనివ్వను."

మాస్టారు బడికి ఫోను చేసింది అప్పుడే.

ఏటి ఒడ్డున ఇరవై మందిదాకా ఉన్నారు. నల్లరాయి పక్కన ఏటి అవ్వ కూర్చుని ఉంది. ఆ రాయికి కాపలా ఆవిడ వంశానిది. చెరేవా నీళ్ళకి దగ్గరగా నిలబడి ఉంది. ఎడమ చేతిలో రెండు గుడ్లు, కుడి చేతిలో ఒకటి. కుడి మణికట్టుకి తమ్ముడి గడియారం. మొగవాడి వస్తువు అక్కచెల్లెళ్ళ ఇంటికి చెందుతుంది, వాళ్ళ ఆచారం అది.

"కంట చూశావా?" ఏటి అవ్వ అడుగుతోంది.

"చూడలేదవ్వా."

"చెవిన విన్నావా?"

"కాగితం చెప్పింది."

"కాగితం ఏటికి తెలీదు. తప్పు పేరు చెబితే ఈ గుడ్డు తిరిగి నీ గడపకే వస్తుంది. తెలుసుగా?"

"రానీ. నా గడపలో ఇంకా మిగిలిందెవరు? ఒక అన్న, ఒక తమ్ముడు. ఇద్దర్నీ మన్ను తినేసింది." చెరేవా గుడ్డు పైకెత్తింది. "బిరిన్సు తల్లీ, విను. టౌనులో ప్రింటింగు షాపు నడిపే..."

"ఆగు వదినా."

బిరాగో జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. కాళ్ళు ముళ్ళకి చీరుకుపోయి రక్తం కారుతోంది. చెరేవా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"బిడ్డతల్లిని ఎందుకు చంపుతావు? ఆవిడది కాదు ఆ వరస. నా పేరు పెట్టు."

జనం రెండడుగులు ముందుకు జరిగారు.

"నీదా?" చెరేవా చెయ్యి దించలేదు. "నీకు అచ్చు ముక్క రాదు. నువ్వు రాయించావా?"

"చదువు రాకపోతే నోరు లేదా? నేనే రాయించాను."

"దేనికి?"

బిరాగో మాట్లాడింది, అందులో అబద్ధం ఏదో నిజం ఏదో వెతుక్కోవాల్సినట్టు.

"నా దగ్గర గింజలున్నాయి వదినా. ఇరవై మూడు. పోయిన శనివారం ఆఖరిది విసిరేశాను. ఆయన కాగితం మీద ఇంకోటి మిగిలింది. అప్పుడే నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఎర్ర పెన్ను పట్టుకుని చాప మీద కూర్చుంటే ఆయన ఎలా ఉండేవాడో నువ్వు చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక కాగితం ఆయన మాట వింటోంది. ఆ సంబరం చెడగొట్టబుద్ధి కాలేదు." ఊపిరి పీల్చుకుంది. "భుజాన పార చూశాను. కలుపుకి ఎవరైనా పార తీసుకెళ్తారా? నాకు తెలుసు. కూడు మూటగట్టి చేతికిచ్చాను. నీ ఒట్టు ఆయనొక్కడే దాటలేదు వదినా, నేనూ దాటించాను. పెట్టు. నా పేరు పెట్టు."

"నా తమ్ముడి పెళ్ళానివి నువ్వు. నీ చేతి ముద్ద తిన్నాను నేను."

"తిన్నావు. అందుకే అడుగుతున్నా. వేరేవాళ్ళ ఇంటిమీదికి పంపకు."

ఏటి అవ్వ కర్ర నేలకి కొట్టింది. "ఈ మనిషి తనే అంటోంది. ఇంకెవరైనా మాట్లాడేది ఉందా? గుడ్డు పగిలాక ఏటికి చెవులుండవు. ఇప్పుడే చెప్పండి."

దూఫీ జనం వెనకాల, ఒక వెదురు పొద పక్కన నిలబడి ఉంది. ఆ పిల్ల మనసులో ఒక పాడు ఆలోచన మెరుపులా తిరిగింది. ఇప్పటికి రెండు పేర్లు వచ్చాయి. రెండింటిలోనూ తను లేదు. సోమవారం బస్సుంది. ట్రంకు సర్ది ఉంది. షితో సీసాలు రెండూ గట్టిగా మూత బిగించి ఉన్నాయి. నోరు మూసుకుంటే చాలు. సముద్రం ఒడ్డున, పెద్ద గేటు లోపల, ఎవరికీ ఏమీ తెలీదు. తల్లి కోరుకుంటున్నదీ అదే. మోకాళ్ళ మీద కూర్చున్న ఆ మనిషి వెనక్కి తిరిగి, జనం కాళ్ళ సందుల్లోంచి కూతుర్ని వెతికి పట్టుకుంది. కళ్ళతోనే చెప్పింది. వద్దు. వెళ్ళిపో.

చెరేవా చెయ్యి ఇంకొంచెం పైకి లేచింది.

ఎండ ఆ నల్ల ప్లాస్టిక్ మీద పడింది. అద్దం మీద చిన్న వెలుగు చుక్క పుట్టి, నల్లరాయి మీద వాలి, వణికింది. స్టీలుది కాకపోయినా చుక్క వచ్చింది. సరిగ్గా పోకువా గడియారంలాగే వచ్చింది. ఆ ఆదివారం దూఫీ చెయ్యి చాపి పెట్టుకుని ఉంటే అప్పుడే తెలిసేది.

"అత్తా!"

ఇరవై తలలు వెనక్కి తిరిగాయి. దూఫీ ముందుకు నడిచింది. బిరాగో లేచి కూతురి నోరు మూయబోయింది. దూఫీ ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకి తీసింది.

"అమ్మ అబద్ధం చెబుతోంది. గింజలు నిజం. పార నిజం. రాయించింది మాత్రం అమ్మ కాదు."

"నోరుముయ్యవే!" బిరాగో అరిచింది. పొద్దుటినుంచీ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. "వదినా, పిల్ల మతి చెడింది, వినకు, దాని మాట వినకు..."

"ఫోటోలో కింద తెగిపోయిందని షాపు అక్కకి చెప్పాను. ఆవిడ నమ్మింది. మాస్టారి పేరు వాడుకున్నాను. నాన్న ఆ నల్లది తెస్తే వద్దన్నాను. గేటు దగ్గర ఆపేస్తారన్నాను." దూఫీ ఒక్కో మాటా కింద పెడుతున్నట్టు చెప్పింది. "బళ్ళో అలాంటి గేటు మాట ఎవరూ చెప్పలేదు. అదీ నేనే పుట్టించాను."

చెరేవా తమ్ముడి కూతుర్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది. అదే నుదురు, అవే చెవులు. చిన్నప్పుడు ఈ పిల్లని వీపున కట్టుకుని సంతంతా తిప్పింది.

"ఎవరు రాయించారంటున్నావు?" అంది. వినబడనంత మెల్లగా. వినకూడదని కోరుకుంటున్నట్టుగా.

దూఫీ తన గుండె మీద వేలు పెట్టుకుంది.

ఏటి అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఏటికి వేలు చూపిస్తే తెలీదమ్మా. పేరు కావాలి. పేరు, తండ్రి పేరు. పైకి."

ఏరు నల్లరాయిని రాసుకుంటూ పారుతోంది. అత్త మణికట్టు మీద గడియారం నడుస్తోంది. వెనక తల్లి ఏడుస్తోంది. దూఫీ నీళ్ళలోకి ఒక అడుగు వేసింది. ఏడేళ్ళ కిందట తండ్రి నిలబడింది అక్కడే.

"దూఫీ," అంది. అవతలి ఒడ్డుకి కూడా వినబడేలా మళ్ళీ చెప్పింది. "అఫియా దూఫీ. క్వాబెనా అదూసె కూతురు."